పడగొట్టని విజేత

బాక్సింగ్ అంటే ప్రత్యర్థిని పడగొట్టడమేనని మనలో చాలామంది తలుస్తాం. అయితే ఆడిన 50 పోటీలూ గెలిచిన అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ నాకౌట్‌తో నెగ్గినవి 27. అవీ ఎక్కువగా తొలినాళ్లవే. 2007 డిసెంబరులో రికీ హాటన్‌ను ఓడించాక ఆడిన 11 పోటీల్లో అటువంటివి రెండే.

కారణమేమిటి? పడగొట్టే దెబ్బకు పాదాలు నేలకు బిగించి, నడుము తిప్పి, శరీరభారమంతా ముందుకు వేయాలి. ఆ క్షణంలో ముఖానికి రక్షణ తగ్గుతుంది. మేవెదర్ భారాన్ని వెనుక కాలిపై నిలిపి, వచ్చిన దెబ్బను భుజంతో జార్చి, చురుకుగా ఒక్క గుద్దు గుద్ది తప్పుకునేవాడు. అలాంటి గుద్దులో వేగమే తప్ప బరువు ఉండదు. తరచూ గాయపడే చేతులు కూడా అతనికి జాగ్రత్త నేర్పాయి. రౌండు రౌండుకూ మార్కులు వేసే ఆటలో గెలవడానికి అది చాలు.

ఈ నిగ్రహం మెచ్చదగినదే. కానీ ఇదే మనిషి తన పిల్లల తల్లిపై చేయి చేసుకున్న కేసులో 2012లో జైలుశిక్ష అనుభవించాడు. బరిలో ఆచితూచి కొట్టినవాడు ఇంట్లో తనను తాను ఆపుకోలేకపోయాడు. మన పిల్లలకు అతని ఆట చూపేటప్పుడు ఈ సంగతీ చెబుదాం. చేతిని అదుపులో ఉంచుకోవడం మొదట నేర్వవలసిన చోటు ఇల్లే.