పసివాడి ఆపరేషన్‌కు వాయిదాలా?

మా ఎదురింటివాళ్ళ మనవడికి మూడో నెలలో స్నానం చేయిస్తుంటే గజ్జల దగ్గర ఉసిరికాయంత ఉబ్బు కనిపించింది. ఏడిస్తే పైకొచ్చేది, నిద్రపోతే లోపలికి పోయేది. డాక్టరు చూసి "హెర్నియా, ఆపరేషన్ త్వరగా చేయించండి" అన్నాడు. పెద్దాసుపత్రికి వెళితే ఏడు వారాల తర్వాతి తేదీ వేసి చీటీ ఇచ్చారు. నాయనమ్మగారికి అదే మంచిదనిపించింది. "పాలు తాగే పిల్లాడికి అప్పుడే కత్తేమిటమ్మా, కాస్త ఒళ్ళు చేయనీ" అందావిడ. ఐదో వారంలో ఒక రాత్రి ఆ ఉబ్బు గట్టిపడి లోపలికి పోనేలేదు. పిల్లాడికి పచ్చటి వాంతులు. తెల్లారేలోగా ఆపరేషన్ చేశారు, గండం గడిచింది.

వాళ్ళ దురదృష్టం అనుకుని ఊరుకోవచ్చు. కానీ కెనడాలో రెండేళ్ళలోపు పిల్లలు 1,065 మంది వివరాలు పరిశీలించి 2008లో ప్రకటించిన లెక్క వేరే మాట చెబుతోంది. జబ్బు తేలాక వాళ్ళలో సగంమంది 35 రోజులో, అంతకంటే ఎక్కువో ఆగాల్సి వచ్చింది. నూటికి దాదాపు పన్నెండుమందికి పేగు ఇరుక్కుపోయింది. రెండు వారాలు దాటి ఆగితే, ఏడాదిలోపు పిల్లల్లో ఆ ప్రమాదం రెట్టింపయింది. పేగు ఇరుక్కుంటే దానికి రక్తం అందదు. మగపిల్లల్లో వృషణానికీ ముప్పే. ఆడపిల్లలకు రాదనుకోకండి, వాళ్ళకు అండాశయం జారి అందులో ఇరుక్కోవచ్చు.

ఇక్కడ మనం పొరపడే చోటు ఒకటుంది. బొడ్డు ఉబ్బు చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది (దానిమీద రూపాయి బిళ్ళ కట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు). గజ్జల్లోది అలా తగ్గుతుందని ఎదురుచూడకూడదు.

అలాగని ఆగడమే తప్పని కాదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు మత్తుమందు తర్వాత ఊపిరి ఆగే భయం ఉంటుంది. అలాంటి పిల్లల మీద అమెరికా ఆసుపత్రుల్లో జరిపిన పరిశోధన 2024లో వెలువడింది. వెంటనే ఆపరేషన్ చేసినవాళ్ళలో నూటికి 28 మందికి తీవ్రమైన ఇబ్బందులు వస్తే, ఆగి చేసినవాళ్ళలో 18 మందికే వచ్చాయి. అయితే అది బిడ్డ మేలు చూసి డాక్టరు ఆపడం. ఖాళీ లేక ఆపడం వేరు. యాభై ఏళ్ళ మనిషి హెర్నియానీ, మూడు నెలల పసివాడి హెర్నియానీ ఒకే వరసలో నిలబెడితే ఎలా?

పసిపిల్లలకు ఆపరేషన్ చేసేవాళ్ళు, మత్తు ఇచ్చేవాళ్ళు మన దగ్గర ఎక్కువగా పెద్ద ఊళ్ళలోనే ఉంటారు. పైగా కెనడా లెక్క డాక్టరు చెప్పిన రోజు నుంచి మొదలైంది. మన ఇళ్ళలో వాయిదా అంతకుముందే మొదలవుతుంది. తల్లి చెబితే "గాలి చేరిందిలే" అంటారు. తీరా తీసుకెళితే డాక్టరు ముందు ఆ ఉబ్బు కనిపించదు. అందుకే కనిపించినప్పుడే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. తేదీ ఇచ్చేటప్పుడు "ఇన్నాళ్ళు ఆగడం బిడ్డ కోసమా, ఖాళీ లేకనా?" అని అడగండి. ఖాళీ లేక అంటే ఇంకెక్కడ త్వరగా చేస్తారో అక్కడే కనుక్కోండి.

ఎదురింటావిడ ఆ చీటీ నాకు చూపించింది. తేదీ ఉంది, గది నంబరు ఉంది. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, బిడ్డ ఆగకుండా ఏడ్చి వాంతి చేసుకున్నా తేదీతో పనిలేకుండా వెంటనే రమ్మన్న ఒక్క ముక్క మాత్రం ఎక్కడా లేదు.