బ్రాకెట్టు ముందు బ్యాక్‌స్లాష్ ఎందుకు?

మన చిరునామాల్లో "నాయుడుపేట (మం)" అని రాయడం మామూలు. అది మండలమని పోస్టుమాన్‌కు వేరే చెప్పనక్కరలేదు. ఇదే మాటను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా ఇచ్చి, పైథాన్‌లో ఒక చిరునామాల జాబితాను వెతకమనండి. అలా రాసినవి వంద ఉన్నా ఒక్కటీ దొరకదు! పోనీ తప్పు జరిగిందని కంప్యూటరు చెబుతుందా అంటే అదీ లేదు. దాని లెక్కలో బ్రాకెట్లు అక్షరాలు కావు, లోపలి భాగాన్ని జట్టు కట్టే గుర్తులు. కాబట్టి అది వెతికింది "నాయుడుపేట మం" కోసం. బ్రాకెట్టును బ్రాకెట్టుగానే చూడాలంటే ముందొక బ్యాక్‌స్లాష్ పెట్టి "నాయుడుపేట \(మం\)" అని రాయాలి. దీన్నే ఎస్కేప్ చెయ్యడం అంటారు.

ఇదేమంత పెద్ద సంగతి అనకండి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నాయుడుపేట నెల్లూరు జిల్లా నుంచి అందులోకి వచ్చింది. ఇలాంటప్పుడు వేల చిరునామాల్లో జిల్లా పేరు మార్చే పని ఎవరో ఒక కుర్ర ప్రోగ్రామరు నెత్తిన పడుతుంది. బ్రాకెట్లున్న వరసలన్నీ పాత జిల్లాలోనే ఉండిపోతే? స్కాలర్‌షిప్పు కోసం కిటికీ ముందు నిలబడ్డ పిల్లవాడికి "నీ పేరు లేదు, పో" అన్న జవాబే దక్కుతుంది.

చుక్కది ఇంకో రకం మోసం. అది ఏ అక్షరానికైనా సరిపోతుంది, తనకు తాను కూడా. "5.50" అని వెతికితే 5.50 వస్తుంది, దాని వెనకే 5150, 5950 కూడా దూరిపోతాయి. పరీక్షించేవాడు మొదటిది చూసి సరేననుకుంటాడు.

1950లలో స్టీఫెన్ క్లీనీ గణితంగా రాసిన ఈ సంగతిని 1968లో కెన్ థాంప్సన్ వెతుకులాటకు పనికొచ్చేలా మలిచాడు. మామూలు గుర్తులకే రెండేసి ఉద్యోగాలు పడ్డాయి. క్లాసులో మన చేత ఆ గుర్తుల పట్టికను బట్టీ పట్టిస్తారు. నా మట్టుకు అది వృథా శ్రమ. మనిషి టైపు చేసిన మాటను మాటగానే చూడాలి, సూత్రంగా చూడకూడదు. దాన్ని పైథాన్‌లో రీ.ఎస్కేప్‌కు, జావాలో పాటర్న్.కోట్‌కు అప్పగించేస్తే సరి. జావాస్క్రిప్టుకు ఈ సదుపాయం 2025 ప్రమాణంలో గాని రాలేదు!

అన్నిటి ముందూ బ్యాక్‌స్లాష్ తగిలిస్తే పోలేదా అనే మిత్రులున్నారు. పోదు. ఇంగ్లీషు చిన్న డి ముందు పెడితే "ఏదైనా అంకె" అని అర్థమే మారిపోతుంది. పైగా జావాలో మామూలు స్ట్రింగు ఒకదాన్ని తనే మింగుతుంది కనుక రెండు రాయాలి. బ్యాక్‌స్లాష్‌నే వెతకాలంటే నాలుగు!

వచ్చే ఏడు ప్రాక్టికల్స్‌లో పట్టిక అడగడం మాని, బ్రాకెట్లున్న మన ఊళ్ళ చిరునామాలు ఓ వంద ఇచ్చి వెతకమనాలని అధ్యాపకులకు మనవి.