నవ్వు కూడా సాక్ష్యమే



ఈ వారం మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. అంతకంటే ముందు ఒక మాట. సాక్ష్యం అంటే కన్నీళ్ళు ఉండి తీరాలని మన సంఘాల్లో ఒక అలవాటు పడిపోయింది. జబ్బు నయమైంది, అప్పు తీరింది, తాగుడు మానాడు అని కొంగు కళ్ళకు అద్దుకుంటూ చెబితే సాక్ష్యం. నవ్విస్తూ చెబితే కబుర్లు. ఈ అలవాటు మంచిది కాదని మా అభిప్రాయం. ఈ పాఠం మాకు సెమినరీలో ఎవరూ చెప్పలేదు. ఒక మాజీ సైనికుడు నేర్పాడు.

ఆయన మా చిన్ననాటి జట్టులోవాడే. ఇప్పుడు ఊళ్ళో పిల్లలంతా మిలట్రీ మావయ్య అంటారు గనుక ఇక్కడ మేమూ అలాగే అందాం.

మన ఊళ్ళో చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజులవి. ఇప్పుడు మూతపడిన ఆ గేటు ముందు అప్పట్లో చెరకు బళ్ళు రాత్రంతా బారులు తీరి ఉండేవి. బండివాళ్ళు కునుకు తీసే వేళకు మేం వెనక నుంచి గడలు లాగేవాళ్ళం. ఒక రాత్రి గడ కాదు, ఏకంగా మోపే ఊడి మీద పడింది. బండాయన లేచి తరుముకున్నాడు. అందరికంటే ముందు పరుగెత్తినవాడు మిలట్రీ మావయ్యే. ఇంటికి చేరి, దుప్పటి ముసుగుపెట్టి, గురక కూడా మొదలుపెట్టాడట. కాసేపటికి ఆ బండాయన రొప్పుతూ అదే ఇంట్లోకి వచ్చాడు. చీకట్లో మేం దోచింది వాళ్ళ నాయన బండినే!

ఆయన కొట్టలేదు. "ఒరే గుంటా, మనింటి సెరుకు నువ్వే దొంగతనం సేస్తే రేపు కాటా కాడ ఎవుడికి తగ్గుతాదిరా?" అన్నాడు. ఎనిమిదో ఆజ్ఞ మీద మేం ఇన్నేళ్ళలో చేసిన ప్రసంగాలన్నీ కలిపినా ఆ ఒక్క ప్రశ్నకు సరితూగవు.

ఇంకో శనివారం అర్ధరాత్రి చర్చి గంట మోగించి పారిపోయాం. తెల్లవారుజాము ప్రార్థన అనుకుని ముసలమ్మలు బైబిలూ పాటల పుస్తకమూ చంకన పెట్టుకుని, లాంతర్లు పట్టుకుని వచ్చేశారు. అప్పటి అయ్యగారు గడియారం చూశారు, వచ్చినవాళ్ళను చూశారు, గోడ వెనక నక్కిన మమ్మల్నీ చూశారు. "ఎలాగూ దేవుడు లేపాడు, ప్రార్థన చేసుకుందాం" అని మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టి తెల్లారేదాకా వదల్లేదు. పౌలు ప్రసంగం వింటూ కిటికీలోంచి జారిపడిన ఐతుకు కథ అపొస్తలుల కార్యములు 20లో ఉంది కదా. ఆ రాత్రి మా జట్టులో ముగ్గురు ఐతుకులు బెంచీ మీంచి పడ్డారు.

1998లో సైన్యంలో ఎంపికకు మేమిద్దరం విశాఖపట్నం వెళ్ళాం. 1.6 కిలోమీటర్ల పరుగులో మిలట్రీ మావయ్య ముందు నిలిచాడు. చెరకు బండి తర్ఫీదు ఊరికే పోలేదు. మేమూ పరుగులో గట్టెక్కాం గానీ కొలతల దగ్గర దొరికిపోయాం. ఛాతీ 77 సెంటీమీటర్లు ఉండాలి, ఊపిరి పీలిస్తే 5 పెరగాలి. కళ్ళు బయటికొచ్చేలా పీల్చినా మాది నాలుగు దాటలేదు. ఆ ఒక్క సెంటీమీటరు తక్కువైనందుకే ఈ రోజు మీకు అయ్యగారమై కూర్చున్నాం.

మిలట్రీ మావయ్య మద్రాసు రెజిమెంటుకు ఎంపికై, శిక్షణకు నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్ వెళ్ళాడు. 1758 నాటి చరిత్ర ఉన్న రెజిమెంటు అది. మనవాడికి హిందీ ఒక్క ముక్క రాదు. మొదటి రోజు డ్రిల్లులో ఉస్తాదు "పీఛే ముడ్" అని అరిచాడు. అందరూ వెనక్కి తిరిగారు. మనవాడికి చివరి మాట ఒక్కటే అర్థమైంది. 'మూడు' అనుకుని మూడడుగులు ముందుకు వేసి నిలబడ్డాడు. ఉస్తాదు కోపంగా "ఇధర్ ఆవ్, ఆవ్" అని పిలిచాడు. మైదానంలోకి ఆవు వచ్చిందేమోనని మనవాడు నాలుగు దిక్కులూ చూశాడు. ఆ సాయంత్రం మైదానం చుట్టూ ఎన్నిసార్లు పరుగెత్తించారో లెక్క చెప్పడు. "మూడు మాత్రం కాదు అయ్యగారూ" అంటాడు.

ఇలాంటి కథలతో పదిహేడేళ్ళు నడిపించాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా పేరు రాసిన నల్ల ట్రంకు పెట్టె అరుగు మీద పెట్టి, దాని మీదే కూర్చుని చెప్పేవాడు. లంగరులో రోజూ పెట్టే రాజ్మా గురించి, కలలో కనబడే అంబలి గురించి, ఎండు చేపల గురించి. 2015లో పింఛనుతో ఇంటికొచ్చాడు.

మా తప్పు ఆ తర్వాతది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున మంచుచరియ విరుచుకుపడి మద్రాసు రెజిమెంటు 19వ బెటాలియన్ సైనికులు పది మంది దాని కింద కూరుకుపోయారు. వారిలో మన కర్నూలు జిల్లా బిడ్డ కూడా ఉన్నాడు. ఆరు రోజుల తర్వాత లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణంతో బయటపడితే దేశమంతా ప్రార్థన చేసింది. 11వ తేదీన ఆయనా కన్నుమూశాడు. ఆ వచ్చిన ఆదివారం మిలట్రీ మావయ్య సాక్ష్యానికి లేచాడు. సంఘమంతా కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధంగా ఉంది.

ఆయన కోడిగుడ్డు కథ ఎత్తుకున్నాడు. ఆ ఎత్తుల్లో తాను పనిచేసినప్పుడు గుడ్డు గడ్డకట్టి రాయి అయిపోయేదట. సుత్తితో కొడితే సుత్తే ఎగిరిందట. పక్కనున్న తమిళ సోదరుడు ఆ గుడ్డు పట్టుకుని, దీన్ని శత్రువు మీదకు విసిరితే యుద్ధం ఆగిపోతుంది, వండుకుంటే మన పళ్ళు పోతాయి అన్నాడట. వెనక కుర్రాళ్ళు నవ్వారు. పెద్దలు మా వైపు చూశారు. మేం లేచి, "సమయం లేదండీ, సాక్ష్యం ఉంటే చెప్పండి, కథలు వద్దు" అన్నాం. ఆయన "సరే అయ్యగారూ" అని కూర్చున్నాడు. తర్వాత మూడు నెలలు గుడికి రాలేదు.

చివరికి మేమే వెళ్ళాం. నులక మంచం వేసి కూర్చోబెట్టాడు. చాలాసేపు మాట్లాడలేదు. మేం అభిషేకం పొందాక ఎన్నడూ అననివాడు ఆ రోజు పాత పిలుపు పిలిచాడు. "ఒరే, ఆ గుడ్డు కతలో నవ్వినోలం ఇద్దరుం. కిందికి దిగినోడ్ని నానొక్కడ్నేరా" అన్నాడు. "ఆడు సచ్చిపోనాడని సెప్తే అందరూ ఏడుస్తారు. ఆడు ఏడిపించే మనిసి కాడు, నవ్వించే మనిసి. ఆడ్ని ఆడిలాగే సెప్పాల గదా."

మా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడిగి, ముగ్గురం కలిసి ప్రార్థన చేసుకుని వచ్చేశాం. మూడో మనిషి వాళ్ళ నాయన. ఆ రాత్రి చెరకు బండి తోలిన ఆయనే.

ప్రియులారా, మత్తయి 8వ అధ్యాయంలో కపెర్నహూములోని శతాధిపతిని చూడండి. ఆయన ప్రభువు ముందు నిలబడి గుడి మాటలు మాట్లాడలేదు. తన కింద సైనికులు ఎలా ఆజ్ఞ పాటిస్తారో, ఎవరిని పొమ్మంటే పోతారో, రమ్మంటే వస్తారో ఆ బారకాసు భాషలోనే తన విశ్వాసం చెప్పాడు. కథలు వద్దని ప్రభువు ఆపలేదు. ఆశ్చర్యపడి, ఇశ్రాయేలులో కూడా ఇంత విశ్వాసం చూడలేదన్నాడు. వృద్ధాప్యంలో కన్న బిడ్డకు అబ్రాహాము, శారా పెట్టుకున్న పేరుకు అర్థం కూడా నవ్వే కదా.

అయితే నవ్వించే ప్రతి కథా సాక్ష్యం కాదు. మా జట్టుదే మరో కథ ఉంది. మన ఊరి స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్ గనుక, శ్రీకాకుళం వచ్చేసిందని దిగిన ఒక ముసలాయనకు మేం కావాలని తప్పుదారి చూపించాం. ఎండలో పెట్టె మోసుకుంటూ ఆయన నాగావళి ఒడ్డు దాకా నడిచాడు. ఏళ్ళ తరబడి ఆ కథ చెప్పి నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రాదు. కీర్తన 25లో దావీదు తన బాల్యపు పాపాలను జ్ఞాపకం చేసుకోవద్దని దేవుణ్ణి వేడుకున్నప్పుడు మాకు ఆ పెట్టే కనిపిస్తుంది. చెప్పేవాడు తన మీద తాను నవ్వుకుంటే అందులో దీనత్వం ఉంటుంది. ఇంకొకడి కష్టం మీద నవ్వితే అది గొప్పలు చెప్పుకోవడమే. చెరకు కథనూ 'మూడు' కథనూ మేం గుడిలో చెప్పగలం. స్టేషన్ కథను ఒప్పుకోలుగానే చెప్పగలం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, తెల్లవారుజామున మన రోడ్ల మీద పరుగెత్తే పిల్లల్ని మీరూ చూస్తున్నారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో సర్వీసు నాలుగేళ్ళు. ఆ తర్వాత సైన్యంలో కొనసాగేది నూటికి పాతిక మంది వరకే. మిగిలినవారు ఇరవైల్లోనే ట్రంకు పెట్టెతో ఇంటికొస్తారు. వాళ్ళను చూడగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఇంకేటి సేస్తావు?" అన్నదే అవుతుంది. అది అడగవద్దు. మంచం వేసి, మంచినీళ్ళిచ్చి, "అక్కడ కథలేవైనా చెప్పు బావూ" అనండి. ముందు నవ్వించేవే చెబుతారు. మధ్యలో ఆపకండి. నవ్వు అయిపోయాక కూడా కాసేపు కూర్చోండి. అసలు సంగతి అప్పుడు వస్తుంది.

మిలట్రీ మావయ్య ఆ తర్వాతి ఆదివారమే గుడికి వచ్చాడు. కోడిగుడ్డు కథ మొదటి నుంచీ చెప్పమని మేమే అడిగాం. ఈసారి చివరిదాకా చెప్పాడు. సంఘం నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఆ తమిళ సోదరుని కుటుంబం కోసం ఆ రోజు అందరం నిలబడి ప్రార్థన చేశాం.

సరిహద్దుల్లో ఉన్న మన బిడ్డలను ప్రభువు కాచి, నవ్వుతూ ఇంటికి చేర్చును గాక. ఆమేన్.