పీతకి ఇల్లు కట్టి చూడు

సెలవులకి ఊరెళ్ళినప్పుడు పిల్లల్ని కళింగపట్నమో, బారువో, భావనపాడో, విజయనగరం వైపు వాళ్ళయితే చింతపల్లి బీచికో తీసుకెళ్ళడం మనందరికీ అలవాటే. తిరిగొచ్చేటప్పుడు కార్లో ఓ వాటర్ బాటిలు, అందులో పిడికెడు ఇసక, ఆ ఇసకలో శంఖంలో దూరిన ఓ పీత... ఇది కూడా ఈ మధ్య చాలా ఇళ్ళల్లో చూస్తున్నా. "కుక్కలా అరవదు, పిల్లిలా గీకదు, మెయింటెనెన్స్ జీరో" అని ఓ కొలీగ్ సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. ఈ టపా ఆ సర్టిఫికెట్ మీదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. బీచిలో దొరికిన పీతని ఇంటికి తేకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం దానికి సరైన ఇల్లు కట్టండి. ప్లాస్టిక్ డబ్బా ఇల్లు కాదు.

అసలు ఈ హెర్మిట్ పీతలు రెండు రకాలు. మన తీరంలో అలల అంచున, నీటి గుంటల్లో కనిపించేవి ఎక్కువగా సముద్రపు రకాలు. వాటిలో ఓ జాతి పేరు డయోజెనిస్. పెద్ద జాడీలో కాపురం ఉన్నాడని చెప్పుకునే గ్రీకు తత్వవేత్త పేరే దానికి పెట్టారు. ఇవి బతకాలంటే సముద్రపు నీళ్ళే కావాలి. పొడి ఇసకలో పెట్టినా, కుళాయి నీళ్ళలో పెట్టినా చస్తాయి. రెండోది కోయినోబిటా అనే నేల రకం. అమెరికా మాల్స్‌లో రంగులేసిన శంఖాలతో అమ్మేది దీన్నే. అక్కడ ఎక్కువగా దొరికేది కరీబియన్ జాతి.

నేల రకం కదా, గాలి పీల్చుకుంటుందిలే అనుకుంటారు. అక్కడే తప్పులో కాలేస్తాం. దానికీ ఉన్నవి మొప్పలే. గాల్లో తేమ ఉంటేనే అవి పనిచేస్తాయి. శ్రీకాకుళం ఒడ్డున చెమటలు కక్కిస్తూ మనం తిట్టుకునే ఆ ఉక్కే దానికి ఊపిరి. గచ్చిబౌలి ఫ్లాట్లో ఏసీ కింద పెడితే వెంటనే చావదు. వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఊపిరాడక నెమ్మదిగా పోతుంది. మనకేమో "రెండు నెలలు బానే ఉందండీ" అనిపిస్తుంది. ఎర్రర్ చూపించని సిస్టమ్ బాగా నడుస్తోందనుకోవడం లాంటిదే ఇది.

సరే, ఇంట్లో నేల రకం ఉంది. మినిమమ్ కాన్ఫిగరేషన్ ఏంటి?

ఒకట్రెండు చిన్న పీతలకి కనీసం 40 లీటర్ల గాజు తొట్టి, పైన మూత. తేమ 75 నుంచి 85 శాతం, వేడి 24 నుంచి 29 డిగ్రీలు. కంటితో అంచనా వేయొద్దు, మీటర్ కొనండి. ఇసకా కొబ్బరి పొట్టూ కలిపి కనీసం 15 సెంటీమీటర్ల లోతున నింపాలి. పీత పెద్దదైతే దాని ఎత్తుకి మూడింతలు. తడి ఎంతంటే, పిచ్చుక గూళ్ళు కడితే నిలబడేంత. ఎందుకంటే పెంకు మార్చుకోడానికి అది లోపలికి వెళ్ళిపోతుంది, వారాల తరబడి పైకి రాదు. చచ్చిపోయిందేమోనని తవ్వితే, అప్పుడు నిజంగానే చస్తుంది.

నీళ్ళ గిన్నెలు రెండు: ఒకటి మంచినీళ్ళు, ఒకటి ఉప్పునీళ్ళు. క్లోరిన్ తీసేసిన నీళ్ళే వాడాలి. ఉప్పు వంటింటిది కాదు, అక్వేరియం కొట్లో దొరికే సముద్రపు ఉప్పు. గిన్నెలో నాలుగు రాళ్ళు వేయండి, ఎక్కి బయటికి రావడానికి. తిండికి కొబ్బరి ముక్క, పళ్ళు, ఉప్పు లేని ఎండు రొయ్యలు, కాస్త గుడ్డు పెంకు పొడి. పీతకి మూడు నాలుగు చొప్పున కొంచెం పెద్ద సైజు ఖాళీ శంఖాలు. రంగులేసినవి వద్దు, పెచ్చులూడి కడుపులోకి పోతాయి.

లెక్కేస్తే పీత కంటే ఇల్లు ఖరీదు! పైగా సరిగ్గా చూసుకుంటే 30 ఏళ్ళు దాటి బతికిన పీతలున్నాయి. అంటే మన హోమ్ లోన్ కంటే ఎక్కువన్నమాట. దీని పిల్లలు సముద్రంలోనే పెరగాలి కాబట్టి ఇళ్ళల్లో సంతానం దాదాపు అసాధ్యం. కొట్లో అమ్మేవి కూడా ఏదో ఒక ఒడ్డు నుంచి ఏరుకొచ్చినవే.

ఇంకో మాట. మనం పీతని వదిలేసి శంఖాలు మాత్రం సంచీ నిండా తెచ్చుకుంటాం. ఈ పీత సొంతంగా శంఖం తయారు చేసుకోలేదు. ఏ నత్తో వదిలేసిన దాన్లో దూరాలి. పెద్ద శంఖం ఒకటి ఖాళీగా దొరికితే పీతలు సైజువారీగా వరస కట్టి, ఒకదాని ఇంట్లోకి ఇంకోటి మారతాయి. ఆ ఒక్క శంఖం మనం పట్టుకొస్తే వరసంతా ఆగిపోతుంది. 2024లో అచ్చయిన ఓ పరిశోధనలో, జనం నెట్‌లో పెట్టిన ఫొటోలు వెతికితే బాటిల్ మూతల్లాంటి చెత్తని ఇల్లు చేసుకున్న పీతలు 386 కనిపించాయి. నేల రకాలు మొత్తం 16 అయితే, అందులో 10 జాతులకి ఈ గతి పట్టింది.

పిల్లలకి పీతని చూపించొద్దనట్లేదు. అరగంట కదలకుండా కూర్చుంటే చాలు, తనే బయటికొస్తుంది. ఆడుకున్నాక ఎక్కడ తీశారో అక్కడే పెట్టించండి. అమెరికాలో కొన్నదాన్ని మాత్రం ఏ బీచిలోనూ వదలొద్దు, అది అక్కడి జీవి కాదు, రోగాలు మోసుకెళ్ళొచ్చు. దాన్ని చివరిదాకా పోషించాల్సింది మనమే.

ఇష్టమైన ప్రతిదాన్నీ ఇంటికి తెచ్చుకోవాలని పిల్లలకి నేర్పుతున్నది మనమే కదా! చూసి, మెచ్చుకుని, వదిలి రావడం కూడా నేర్పొచ్చు. మీరేమంటారు?