"ఒక చెవి ఉంది కదా" అనే మాట ఇక చాలు

పోస్టు కొంచెం పొడుగుంది. తీరిక చూసుకొని చదవండి, కానీ పూర్తిగా చదవండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో మీరు చెయ్యెత్తాల్సిన సంగతి ఇది.

మన సంఘం వైద్య సహాయ నిధి నియమాల్లో ఒక వాక్యం ఉంది. వినికిడికి సంబంధించిన సాయం కావాలంటే రెండు చెవులూ పూర్తిగా పోయి ఉండాలట. ఈ ఏడు మన మరమగ్గం కార్మికుడు ఒకాయన పెట్టుకున్న అర్జీ ఆ వాక్యం వల్లే వెనక్కి వచ్చింది. ఆయన కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి సగం వినపడుతుంది. డాక్టరు కాక్లియర్ ఇంప్లాంట్ కోసం పరీక్షలు రాశారు. కమిటీ పెద్దలు "ఒక చెవి ఉంది కదా, ఇంకేం కావాలి?" అన్నారు. పెద్దల మీద మాకు గౌరవమే. ఈ మాట మీద మాత్రం లేదు.

దేవుడు రెండో చెవిని స్టెప్నీ టైరులా ఇవ్వలేదు. రెండు చెవులూ కలిసి పనిచేస్తాయి. కుడి పక్క నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ తేడాతో చేరుతుంది. మధ్యలో తల అడ్డం ఉంటుంది కాబట్టి అక్కడికి కాస్త సన్నగా కూడా చేరుతుంది. ఈ రెండు తేడాలను పట్టుకొనే మెదడు శబ్దం ఎటు నుంచి వచ్చిందో చెబుతుంది. ఒక చెవి పోతే ఆ లెక్క పోతుంది. అక్కల్‌కోట్ రోడ్డు మీద వెనక నుంచి టెంపో హారన్ వినపడుతుంది, ఎటు జరగాలో తెలియదు. రాఖీ పున్నమి నాడు మార్కండేయ రథం ముందు పక్కనున్న మనిషి మాట్లాడితే గోల వినపడుతుంది, మాట వినపడదు. మనం ఏమనుకుంటాం? "పలకడు, పొగరు" అంటాం. కొన్నాళ్ళకు ఆ మనిషి పెళ్ళిళ్ళకు రావడం మానేస్తాడు.

ఇందులో మన పని పాత్ర కూడా ఉంది. టవళ్ళు, చద్దర్లు నేసే కార్ఖానాల చప్పుడులో ఇరవై, ముప్పై ఏళ్ళు నిలబడితే రెండు చెవులూ మెల్లగా అరుగుతాయి. పాలు, కాలు, తాలు ఒకేలా వినపడతాయి. "వయసు కదా" అని సర్దుకుంటాం. దాని మీద ఒక చెవి హఠాత్తుగా పోవచ్చు, చీము కారి కారి పోవచ్చు, మెనియర్ జబ్బుతో పోవచ్చు. అప్పుడు మిగిలిన "మంచి చెవి" ఎంత మంచిదో ఆలోచించండి. అది కూడా మగ్గం తిన్న చెవే.

ఇక సర్కారు లెక్క చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం వినికిడి లోపాన్ని "రెండు చెవుల్లో" అన్న షరతుతోనే నిర్వచించింది. 2018 మార్గదర్శకాల్లో సర్టిఫికెట్ శాతం ఇలా కట్టమన్నారు: మంచి చెవి లోపాన్ని 5తో గుణించి, చెడ్డ చెవి లోపాన్ని కలిపి, 6తో భాగించాలి. ఒక చెవి 100 శాతం పోయి, రెండోది బాగుంటే వచ్చేది 17 శాతం కూడా కాదు. రెండో చెవిలో 20 శాతం లోపం ఉన్నా మొత్తం 33 దగ్గర ఆగుతుంది. రిజర్వేషన్ లాంటి ముఖ్యమైన హక్కులకు 40 కావాలి. అంటే ఒక చెవి పూర్తిగా చచ్చిపోయినా కాగితం మీద మనిషి దాదాపు బాగున్నట్టే.

ఇంప్లాంట్లకు ప్రభుత్వాలు పెట్టిన పథకాలు ముఖ్యంగా చిన్న పిల్లలకు. అది న్యాయమే. మాటలు రావాల్సిన వయసులో చెవి తెరుచుకోవాలి, అందులో మాకు పేచీ లేదు. కానీ యాభై ఏళ్ళ కార్మికుడు ఎక్కడికి పోవాలి? సర్కారు వదిలేసిన చోట ఆదుకోవడానికే కదా మన తాతలు సంఘాలు పెట్టుకున్నది. సంఘం కూడా సర్కారు లెక్కనే కాపీ కొడితే ఇక సంఘం ఎందుకు?

వైద్యం మాత్రం ఆ లెక్క దాటి వచ్చేసింది. ఒక చెవి పోయి, ఆ చెవిలో భరించలేని హోరు ఉన్నవాళ్ళకు ఇంప్లాంట్ పెట్టి చూసిన ఫలితాలను బెల్జియంలోని యాంట్‌వర్ప్ డాక్టర్లు 2008లో ప్రచురించారు. హోరు బాగా తగ్గింది. ఒక చెవి పూర్తిగా పోయినవాళ్ళకు, రెండు చెవుల మధ్య పెద్ద తేడా ఉన్నవాళ్ళకు ఇంప్లాంట్ వాడవచ్చని అమెరికా ఎఫ్.డి.ఎ. 2019లో మొదటిసారి అనుమతి ఇచ్చింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వినికిడి నివేదికలో ఒక చెవి లోపాన్ని విడి వర్గంగా లెక్కించింది. మన నియమం మాత్రం అక్కడే ఉంది.

"మామూలు మిషన్ పెట్టుకుంటే పోదా?" అంటారు. వినికిడి మిషన్ శబ్దాన్ని పెంచుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే సన్నని కణాలే చచ్చిపోతే ఎంత పెంచినా మాట తేటపడదు. చెడ్డ చెవి పక్క మైకు పెట్టి, ఆ శబ్దాన్ని మంచి చెవికి పంపే క్రాస్ మిషన్లు ఉన్నాయి. కొందరికి అవి చాలు, ఖర్చూ తక్కువ, ముందు వాటినే వాడి చూడాలి. కానీ వాటితో వినేది ఒక్క చెవే. శబ్దం ఎటు నుంచి వచ్చిందో తెలియదు. ఇంప్లాంట్ దారి వేరు. చెవి వెనక పెట్టుకునే యంత్రం శబ్దాన్ని అందుకుంటుంది, చర్మం కింద అమర్చిన భాగం దాన్ని సన్నని విద్యుత్ సంకేతాలుగా నేరుగా శ్రవణ నాడికి ఇస్తుంది. చచ్చిన చెవి నుంచి మెదడుకు మళ్ళీ కబురు అందేది దీనితోనే.

అందరికీ పెట్టించమని మేము అనడం లేదు. నాడి పనిచేస్తూ ఉండాలి. చెవి పోయి చాలా ఏళ్ళయితే ఫలితం తగ్గవచ్చు, పుట్టుకతో పోయిన చెవి అయితే పెద్దయ్యాక ఆశ ఇంకా తక్కువ. ఎం.ఆర్.ఐ. చూడకుండా ముందుకు పోకూడదు, ఒక చెవే పోవడానికి నాడి మీద గడ్డ కూడా కారణం కావచ్చు. ఆపరేషన్ అయిన మర్నాడే అన్నీ వినపడవు. మొదట్లో మాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. నెలల తరబడి సాధన చేయాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది, తర్వాత కేబుళ్ళు, బ్యాటరీలు, మరమ్మతులు ఉంటాయి. ఇవన్నీ తెలిసే అడుగుతున్నాం. ఎవరికి పనికొస్తుందో డాక్టరు, ఆడియాలజిస్టు తేల్చాలి. మన నియమంలోని ఒక వాక్యం తేల్చకూడదు.

ఇంకో సంగతి, ఇది మనలాంటివాళ్ళకే తెలుస్తుంది. మాట ఎంత తెలుస్తోందో పరీక్షించేది మాటలతోనే. మన అవ్వలకు మరాఠీలోనో హిందీలోనో మాటలు వినిపించి, తిరిగి చెప్పమంటే తప్పేది చెవి వల్లా, భాష వల్లా? ఇంప్లాంట్ తర్వాత సాధన కూడా ఇంట్లో మాట్లాడే భాషలో జరగాలి. తెలుగులో ఆ పరీక్షకు పదాల పట్టికలు ఉన్నాయి. అడిగే హక్కు మనకుంది. మనం అడగడం లేదు, అంతే.

అందుకని సమావేశంలో మేము పెట్టబోయే తీర్మానం ఇది:

1. "రెండు చెవులూ పూర్తిగా" అన్న షరతు తీసేయాలి. వయసు అడ్డు కూడా ఉండకూడదు. నిపుణుల సిఫారసే ఆధారం కావాలి.

2. మొత్తం ఆపరేషన్ ఖర్చు నిధి మోయలేదు, మాకూ తెలుసు. ముందు పరీక్షల ఖర్చు, ముంబై బాంద్రాలోని అలీ యావర్ జంగ్ సంస్థకో, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకో వెళ్ళివచ్చే ఖర్చు ఇవ్వాలి. మిగతాదానికి ఇంత అని హద్దు పెట్టి సాయం చేయాలి.

3. సాధనకు మన మాటలో రికార్డింగులు కావాలి. ఫోన్ నుంచి నేరుగా ఇంప్లాంట్‌లోకి వినిపించే వీలు ఇప్పుడుంది, మంచి చెవి అడ్డం రాకుండా కొత్త చెవికి పని నేర్పవచ్చు. మన పిల్లలు రోజుకు పది నిమిషాలు మన సోలాపూర్ తెలుగులో మాటలు, కథలు చదివి పంపితే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు.

4. కార్ఖానాల్లో ఏడాదికోసారి చెవి పరీక్ష, ఇయర్ ప్లగ్గులు. యజమానుల్లో మనవాళ్ళే ఎక్కువ. ఇది వాళ్ళనే అడుగుతున్నాం.

5. ఒక చెవి హఠాత్తుగా మూసుకుపోతే "గుబిలి" అనో "జలుబు" అనో నూనె పోసుకొని కూర్చోవద్దని ఇంటింటికీ చెప్పాలి. అదే రోజు చెవి డాక్టరు దగ్గరికి పోవాలి. స్టెరాయిడ్ మందు పనిచేసే అవకాశం మొదటి రెండు వారాల్లోనే ఎక్కువ.

"సన్మానాలకు, భోజనాలకు పోగా మిగిలేది ఎంత?" అని కోశాధికారి గారు అడుగుతారు. మేమూ అదే అడుగుతున్నాం. శాలువాల పద్దు, వైద్య నిధి పద్దు పక్కపక్కన పెట్టి సమావేశంలో చదవండి. ఏది తగ్గించాలో సభ్యులే చెబుతారు.

వెనక్కి వచ్చిన ఆ అర్జీ మళ్ళీ కమిటీ ముందుకు వస్తుంది. చెవి పోయి ఎంత కాలమైతే ఫలితం అంత తగ్గవచ్చని పైన రాశాం. కాబట్టి "వచ్చే ఏడు చూద్దాం" అనడం కూడా కాదనడమే.

ఒప్పుకోనివాళ్ళు కింద కారణం రాయండి, జవాబిస్తాం. ఒప్పుకున్నవాళ్ళు సమావేశానికి రండి. లైకు కొట్టి ఇంట్లో కూర్చుంటే నియమం మారదు.