ఆటే కదా అని నవ్విన పెద్దలకు

పోస్టు కొంచెం పెద్దదే, టీ పెట్టుకుని చదవండి. నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. అయినా కోపం తగ్గలేదు, అందుకని ముందే క్షమాపణ చెప్పుకోవడం లేదు.

ఉగాది రోజు మన హాల్లో "నన్ను నిరాశపరిచిన కథ" అని పిల్లల చేత తలా ఐదు నిమిషాలు మాట్లాడించాం. మంచి ఆలోచనే. ఒకమ్మాయి సినిమా గురించి చెప్పింది, ఒకబ్బాయి టీవీ సీరియల్ గురించి చెప్పాడు. చప్పట్లు కొట్టాం. తర్వాత మా మనవడు లేచి ఒక వీడియో గేమ్ కథ మొదలుపెట్టాడు. రెండో నిమిషానికే ముందు వరసలో నవ్వులు. "ఏం బాబూ, ఆటలో ఓడిపోయావా?" అని ఒక పెద్దాయన. మూడో నిమిషానికి మైకు వేరే చేతికి వెళ్ళిపోయింది. గుంటడు రెండు పేజీల కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ కాగితం ఇంటికొచ్చాక చూశాను. మొత్తం తెలుగులో ఉంది. వాడు చదివింది ఇంగ్లీషు మీడియం, వీధిలో మాట్లాడేది ఒడియా. ఒత్తులు తప్పాయి, దీర్ఘాలు తప్పాయి. కానీ ఎవరూ బలవంతపెట్టకుండా వాడు తెలుగులో రాసిన మొదటి రెండు పేజీలు అవే. నేను తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణి. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక ఇచ్ఛాపురం, పలాస స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నాను. బడిలో నేర్పని భాషలో ఒక పేజీ రాయాలంటే ఎంత చెమట పడుతుందో నాకు తెలుసు. ప్రతి మీటింగులోనూ "మన పిల్లలకి తెలుగు రావడం లేదు" అని వాపోతాం. ఒకడు తెలుగు రాసుకుని వచ్చి నిలబడితే మైకు లాక్కున్నాం.

ఇంతకీ వాడు చెప్పబోయింది ఏమిటి? మూడు సాయంత్రాలు కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాను. మీరు వినలేదు కాబట్టి నేను చెబుతాను.

ఆట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అమెరికాలోని బ్లిజర్డ్ కంపెనీ 2004 నవంబరులో మొదలుపెట్టింది. ఆడేవాడు ఒక వేషం ఎంచుకుంటాడు. యోధుడో, మంత్రగాడో, వైద్యుడో. లక్షలమంది ఒకే లోకంలో తిరుగుతారు, జట్లు కడతారు. 2010 నాటికి చందాదారులు కోటీ ఇరవై లక్షలు. సుమారు రెండేళ్ళకోసారి ఆ లోకానికి కొత్త భూములు, కొత్త కథ కలుపుతారు. దాన్ని ఎక్స్‌పాన్షన్ అంటారు, వేరే డబ్బు పెట్టి కొనాలి. వేషం కట్టడం, రెండేళ్ళు ఎదురుచూడటం గురించి బరంపురం వాళ్ళకి నేను విడమరచి చెప్పాలా? ఠాకురాణి యాత్రకి పులి వేషం కట్టేవాడు ఎన్నాళ్ళ ముందు నుంచి రోజులు లెక్కపెట్టుకుంటాడో మనకు తెలియదా?

2020 నవంబరులో ఎనిమిదో ఎక్స్‌పాన్షన్ వచ్చింది, పేరు షాడోలాండ్స్. అప్పట్లో ధర 40 డాలర్లు, పైన నెలకి 15 డాలర్ల చందా. మొదటి రోజే 37 లక్షల కాపీలు పోయాయని కంపెనీయే ప్రకటించింది. కథ చచ్చిపోయిన తర్వాతి లోకానిది. అక్కడ ఆర్బిటర్ అని మన చిత్రగుప్తుడి లాంటి అధికారి ఉంటుంది. వచ్చిన ఆత్మ ఎలా బతికిందో చూసి ఎక్కడికి పంపాలో తేలుస్తుంది. ఆ పని ఆగిపోయి, మంచీ చెడూ లేకుండా అందరూ ఒకే నరకంలో పడుతున్నారు. పార్శిల్ ఆఫీసులో లేబుల్ చూడకుండా మూటలన్నీ ఒకే వ్యాగన్లో పడేసినట్టు! సర్వీసంతా మూటల మధ్య గడిపినవాణ్ణి, నాకే "తర్వాత ఏమైంది రా?" అని అడగబుద్ధయింది.

మరి అంత మంచి కథ ఎక్కడ పాడైంది? రెండు చోట్ల.

మొదటిది, కూటముల సంగతి. ఆ లోకంలో నాలుగు కూటములున్నాయి. ఆటగాడు ఒకదాంట్లో చేరాలి, చేరితే దాని శక్తులు వస్తాయి. కథ నచ్చి ఒకదాంట్లో చేరదామంటే, నీ వేషానికి పనికొచ్చే శక్తి ఇంకోదాంట్లో ఉంటుంది. ఒకసారి వదిలేసిన కూటమిలోకి తిరిగి రావాలంటే రెండు వారాలు ప్రాయశ్చిత్తం లాంటి పనులు చేయాల్సి వచ్చేది. ముగ్గురు స్నేహితులున్నారనుకోండి. మనసుకు నచ్చింది ఎంచుకున్నవాడు జట్టుకి బరువవుతాడు, జట్టు కోసం ఎంచుకున్నవాడు నచ్చని చోట నెలల తరబడి పడి ఉంటాడు. వెయిటింగ్ లిస్టు టిక్కెట్టుకైనా రద్దు చేసుకుంటే కొంత వెనక్కి వస్తుంది. పోయిన సాయంత్రాలు ఏ కౌంటర్లో వాపసు ఇస్తారు?

ఇందులో నాకు మండిన విషయం ఒకటుంది. విడుదలకి ముందే, పరీక్ష దశలోనే ఆటగాళ్ళు ఇది చెప్పారు. పారాచూట్ తాడు లాగండి, పడిపోకముందే మమ్మల్ని కాపాడండి అన్నది వాళ్ళ నినాదం. మన రైల్వే భాషలో గొలుసు లాగండి అన్నమాట. కంపెనీ లాగలేదు. తర్వాత పెద్ద భాగం 2021 జూన్ 29న గానీ రాలేదు, అంటే ఏడు నెలలు. కూటములు మార్చుకోవడం సులువు చేసింది 2021 నవంబరులో, దాదాపు ఏడాదికి. ఈలోగా ఆ వేసవిలోనే పేరున్న ఆటగాళ్ళు చాలామంది జపాన్ వాళ్ళ ఫైనల్ ఫాంటసీ 14 కి వెళ్ళిపోయారు. అందరూ ఈ ఒక్క కారణంతోనే వెళ్ళారని అనను. అదే జులైలో మహిళా ఉద్యోగుల పట్ల వివక్ష, వేధింపుల మీద కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ ఆ కంపెనీపై కేసు వేసింది, ఆ కోపమూ కలిసింది. కానీ చెప్పిన మాట వినలేదన్న బాధ అంతకు ముందు నుంచే ఉంది.

రెండోది కథ. ఈ ఆటలో ఆర్థస్ అని ఒక రాకుమారుడున్నాడు. ప్రజల్ని కాపాడాలని బయల్దేరి, పంతానికి పోయి, తానే రాక్షసరాజైనవాడు. 2008లో వచ్చిన ఎక్స్‌పాన్షన్ అంతా వాడి చుట్టూనే తిరిగింది. షాడోలాండ్స్‌లో జైలర్ అని ఒక కొత్త ప్రతినాయకుణ్ణి తెచ్చి, వెనకటి కథల సూత్రాలన్నీ వీడి చేతిలోనే ఉన్నాయన్నారు. ఇది మన ప్రహ్లాద నాటకంలో జరిగిందనుకోండి. మెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు రాత్రంతా ఊగిపోయాక, తెల్లారబోతుంటే సూత్రధారి వచ్చి "ఈయన అహంకారం ఈయనది కాదు, మీకింతవరకూ కనబడని ఇంకో రాక్షసుడు ఆడించాడు" అంటే మన గంజాం జనం ఊరుకుంటారా? స్తంభం ఎందుకు పగలాలి? నరసింహుడు ఎందుకు రావాలి? తప్పు చేసినవాడి దగ్గర్నుంచి తప్పు లాగేసుకుంటే కథలో మిగిలేది ఏమిటి?

వాడి కాగితంలో ఒక వాక్యం ఉంది, తప్పులు దిద్ది ఇక్కడ పెడుతున్నాను. "ఈ కథలో చచ్చినవాళ్ళకి ఎక్కడికి వెళ్ళాలో ఎంచుకునే హక్కు లేదు, ఆడేవాళ్ళకీ లేదు, చివరికి ఆర్థస్ పాపం కూడా ఆర్థస్‌ది కాదు." అరవై దాటిన నేను ఇంత సూటిగా రాయలేను. దీన్ని విని ఆటలో ఓడిపోయావా అని అడిగినవాళ్ళని నేనేమనాలి?

ఇప్పుడు మీ అభ్యంతరాలు. "ఆటల పిచ్చితో చదువు పాడవుతోంది" అంటారు. నిజమే, రాత్రి రెండింటి దాకా కూర్చుంటే నేనే కరెంటు ఆపేశాను. అది నిద్ర గురించిన గొడవ, ఇంట్లో తేల్చుకుంటాం. వాడు హాల్లో మాట్లాడింది కథ గురించి. "డబ్బున్నవాళ్ళ వినోదం" అంటారు. మూడు గంటల సినిమా బాగోలేదని మనం మూడు రోజులు తిట్టుకోవడం లేదా? ఏడాది పొడుగునా చందా కట్టినవాడికి ఆ హక్కు లేదా? పైగా గుంటడు ఒట్టి తిట్లు తిట్టలేదు. ఆర్డెన్‌వీల్డ్ అనే అడవి లోకం ఎంత అందంగా ఉందో సగం పేజీ రాశాడు. ప్రేమించినవాడే నిరాశపడతాడు, పట్టనివాడు లేచి వెళ్ళిపోతాడు.

ఆ కంపెనీ తర్వాత పాఠం నేర్చుకుంది. 2022 నవంబరులో వచ్చిన డ్రాగన్‌ఫ్లైట్‌లో అలాంటి అరువు శక్తుల పద్ధతి తీసేసింది. ఆలస్యమైనా ఫిర్యాదుకి విలువ దక్కింది. లక్షల మంది కొనేవాళ్ళున్న కంపెనీకి ఒక ఏడాది ఆలస్యం చెల్లింది. మన సంఘంలో ఆ హాల్లో పాతికేళ్ళ లోపు వాళ్ళు ఆ రోజు ఎంతమంది ఉన్నారు? నేను లెక్కపెట్టాను, తొమ్మిది మంది. మనకి ఆలస్యం చెల్లదు.

అందుకని కార్యవర్గానికి నా డిమాండు ఒకటే. వచ్చే నెల సమావేశంలో మొదటి ఐదు నిమిషాలు ఆ గుంటడికి ఇవ్వండి. నవ్వొస్తే చివర్లో నవ్వండి, ప్రశ్నలుంటే అడగండి, తెలుగు తప్పులుంటే విడిగా పిలిచి దిద్దండి. "మళ్ళీ రానులే తాతయ్యా" అంటున్నాడు. వాణ్ణి తీసుకొచ్చే పూచీ నాది. మైకు వాడి చేతిలో ఉంచే పూచీ మీది.

— మీ రిటైర్డ్ రైల్వే గుమాస్తా, బరంపురం