పంటకావలికి తుపాకి: వెలకంటె గురి ముఖ్యము

వేరుసెనగ ఊడలు దిగు వేళనో, మొక్కజొన్న కంకి పాలుపట్టు వేళనో అడవిపందుల మంద ఒక్కరాత్రి చేనిలో పడినచో, నెలల తరబడి పడిన కష్టము తెల్లవారుసరికి మట్టిపాలగును. ఇట్టి నష్టమునకు గురియైన రైతు తుపాకి కొనదలచుట సహజము. కాని కొనుటకు ముందు సభ్యులు కొన్ని సంగతులు యోచింపవలయునని మా మనవి.

మొదటిది చట్టము. తుపాకికి లైసెన్సు ఉన్నంతమాత్రమున పందిని చంపు హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 11వ సెక్షను ప్రకారము, పంటకు హాని చేయు జంతువును వేటాడుటకు అధికారి వ్రాతపూర్వకమైన ఉత్తరువు కావలయును. తుపాకి లైసెన్సు 1959 నాటి ఆయుధచట్టము క్రింద వేరుగా పొందవలయును. పంటరక్షణకై ఆ చట్టము ముందుగా చెప్పునది మూతినుండి మందు కూరు తుపాకి. అది చాలదని అధికారికి తోచినచో, 20 అంగుళములకు తక్కువ కాని నునుపు గొట్టపు తుపాకికి అనుమతి ఈయవచ్చును.

రెండవది ఎంపిక. రైఫిలు గొట్టములో మెలికగా సాగు గాడులుండుటచే గుండు తిరుగుచు తిన్నగా పోవును. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారమున తయారైన .315 వేట రైఫిలు ఈ జాతిదే. అయితే దాని గుండు మైలునకు మించి పోగలదు. పొలముల చుట్టును పల్లెలున్న మన సీమలో ఇది గొప్ప ప్రమాదము. చేనిగట్టున కూర్చుండి 30, 40 గజములలో కాల్చువానికి మంచి కర్మాగారపు 12 బోరు తుపాకి చాలునని మా అభిప్రాయము. దూరపుగురి నిజముగా అవసరమై, లైసెన్సు దొరకినవాడే రైఫిలు జోలికి పోవలయును.

మూడవది పరీక్ష. చెక్కడపు పనికిని, మెరుగునకును అధికముగా ఇచ్చు రూకలు గురిని పెంచవు. కొనునప్పుడు గొట్టమును వెలుతురువైపు పట్టి లోన త్రుప్పు, గుంటలు ఉన్నవేమో చూడవలయును. మూతి అంచు నొక్కుకొని యుండరాదు. కొయ్యను బిగించు మరలు వదులుగా నున్నచో ఎంత మంచి రైఫిలైనను గుండ్లను చెదరగొట్టును. మీట గరగరలాడక ఒక్కతీరున తెగవలయును.

అనుమతిగల కాల్పుస్థలమున రైఫిలును ఇసుకసంచిపై నానించి, ఒకే రకపు తూటాలతో 50 గజముల దూరమున అయిదు గుండ్లు కాల్చి చూడవలయును. గుండ్లన్నియు దగ్గరగా పడి గురికి ప్రక్కగా నున్నచో దోషము గురిచూపు కమ్మిది, దానిని సవరింపవచ్చును. చెల్లాచెదరుగా పడినచో తూటా మార్చి, మరలు బిగించి మరల చూడవలయును. అప్పటికిని కుదరనిచో ఆ రైఫిలు ఎంత చవుకయైనను కొనరాదు.

వెలలో మిగిలిన సొమ్మును తూటాలకును, అభ్యాసమునకును వినియోగించుట మేలు. గాయపడి పొదలో దూరిన పంది చావక బాధపడును. తరువాత ఆ దారిని వచ్చు కూలివానిమీదికి దూకును. జంతువు స్పష్టముగా కనబడనిచోను, దాని వెనుక గుండును ఆపు నేల లేనిచోను మీట నొక్కరాదు.

ఇక కంచెకు కరెంటుతీగ తగిలించుట తుపాకికి బదులు కానేకాదు. అది పందిని, పశువును, పొరుగువాని బిడ్డను భేదము లేక చంపును. సంఘ సభ్యులు ఆ పనికి ఒడిగట్టరాదని గట్టిగా కోరుచున్నాము.